పెద్దబండి పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇల్లు కట్టుకొని, పిల్లలను చదువులకు పంపి, ఒక రుణం తీరీ తీరకముందే మరొక రుణానికి అర్హత సంపాదించిన గృహస్థుడు, తాను కొనబోయే కారు పెద్దదై ఉండవలెనా, చిన్నదైనా చాలునా అనే ధర్మసందేహంలో చిక్కుకొన్నపుడు అతనికి దారి చూపడానికి ఒక అజ్ఞాతకవి చెప్పిన తేటగీతి ఇది. కవి పేరు తెలియకపోయినా కాలం కొంత తెలుస్తున్నది. నాలుగో పాదంలోని 'చింత'లో నెలవారీ వాయిదా ధ్వనిస్తున్నందున, వాహన రుణాలు గుమ్మం దాకా నడిచి రావడం మొదలైన తరువాతి వాడని నిశ్చయించవచ్చు. మూడో పాదంలో 'గొంది' అన్నందున కోస్తా జిల్లాల వాడని ఒక వాదం ఉన్నది గాని, హైదరాబాదు ప్రతులలో ఆ చోట 'గల్లిలో' అని కనబడుతున్నది, ఆ పాఠంలోనూ రగణం చెడలేదు. కనుక కవి ఏ ప్రాంతం వాడో తేల్చడం కష్టం. బండి రెండుచోట్లా ఇరుక్కుంటున్నది కనుక తేల్చవలసిన అవసరమూ లేదు.

మూలం

ఇంటి ముందర నొక పెద్ద యెడ్లు లేని
బండి నిల్వక పోయిన బరువు తగ్గు;
నిలిపెనేనియు గొందిలో నిలువ దన్న;
కొన్న నొకచింత, కొనకున్న గుండెకోత.

టీక

ఇంటి ముందరన్ = గృహానికి ఎదుట, అనగా తన స్థలంలో గాక పంచాయతీదో కార్పొరేషన్‌దో అయిన రోడ్డు మీద; ఒక = ఒకటి (రెండోది కొన్నవారికి ఈ పద్యం వర్తించదు); ఎడ్లు లేని = వృషభాలు కట్టని, గడ్డికి బదులు డీజిల్ తాగునట్టి; పెద్ద బండి = ఎక్కడానికి ప్రత్యేకంగా మెట్టు కావలసినంత ఎత్తు గల వాహనం; నిల్వకపోయినన్ = నిలిచి ఉండకపోతే; బరువు = గౌరవం; తగ్గున్ = క్షీణించును; నిలిపెనేనియున్ = ఒకవేళ తెచ్చి నిలిపినప్పటికీ; గొందిలోన్ = ఇరుకు వీధియందు; నిలువదు = పట్టదు; అన్న = ఓ సోదరా (ఈ సంబోధన పొరుగింటివాడిది); కొన్నన్ = కొంటే; ఒక చింత = ఒక దిగులు; కొనకున్నన్ = కొనకపోతే; గుండెకోత = తీరని మనోవ్యథ.

'పెద్ద' అనే విశేషణం ఎడ్ల పక్కనే కూర్చున్నప్పటికీ దానికి అన్వయం తరువాతి పాదంలోని బండితోనే. దీనిని దూరాన్వయ దోషమని ఆక్షేపించినవారు ఉన్నారు. పెద్దరికం దానిని లాగేవారిని విడిచి ఎక్కేవారికే చెందడం లోకసహజం కనుక ఇది దోషం కాదని సమాధానం.

తాత్పర్యం

ఓ సోదరా! ఇంటి ముందు ఒక పెద్ద మోటారు వాహనం నిలిచి లేకపోతే మనిషికి నలుగురిలో విలువ తగ్గుతుంది. తెచ్చి నిలుపుదామంటే ఈ ఇరుకు వీధిలో దానికి చోటు చాలదు. కొంటే దాని పోషణ ఒక దిగులు, కొనకపోతే ఎదుటివాడు కొన్నాడే అనే బాధ గుండెను కోస్తూనే ఉంటుంది.

విశేషాలు

'పెద్దబండి' ఇక్కడ పారిభాషిక పదం. లోకంలో దీనిని ఎస్‌యూవీ అంటారు; విహారానికీ పనికీ కూడా ఉపకరించే వాహనమని ఆ పొడి అక్షరాల భావం. శబ్దానికి అర్థం నిర్ణయించడంలో యోగమనీ రూఢి అనీ శాస్త్రకారులు రెండు మార్గాలు చెబుతారు. పదంలోని అవయవాలను విడదీసి అర్థం రాబట్టడం యోగం, జనం అలాగే అంటున్నారు కనుక అదే అర్థమని ఒప్పుకోవడం రూఢి. భారతదేశపు పన్నుల శాస్త్రం ఈ విషయంలో చాలాకాలం రూఢిని కూడా ఆశ్రయించి, నాలుగు వేల మిల్లీమీటర్లకు మించిన పొడవు, 1,500 సీసీకి మించిన ఇంజను, 170 మిల్లీమీటర్లకు తగ్గని గ్రౌండ్ క్లియరెన్సు, అనగా నేలకూ బండి అడుగుభాగానికీ నడుమ ఖాళీ, ఉండడంతోబాటు ఆ వాహనం ఎస్‌యూవీగా జనంలో ప్రసిద్ధమై కూడా ఉండవలెనని నియమం పెట్టింది. ప్రసిద్ధిని ఏ టేపుతో కొలవాలో ఏ అధికారికీ తెలియదు. 2023 జూలైలో జీఎస్టీ మండలి తన 50వ సమావేశంలో రూఢిని తోసిపుచ్చి, పేరేదైనా మూడు కొలతలూ కలిస్తే చాలుననీ, ఆ ఖాళీని బండిలో ఎవరూ ఎక్కని స్థితిలోనే కొలవాలనీ తీర్మానించింది. ఇటువంటి వాహనం మీద 28 శాతం పన్నూ 22 శాతం సెస్సూ కలిసి సగం ధరకు సమానమైన భారం పడుతూ ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి మొత్తం 40 శాతంగా స్థిరపడింది. పొడవు నాలుగు మీటర్లలోపు ఉండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని ఇంజను గలవాటికి ముందునుంచీ పన్ను తక్కువ, ఇప్పుడు 18 శాతమే కనుక, సరిగ్గా నాలుగు మీటర్ల గీత దగ్గర ఊపిరి బిగబట్టి నిలిచిన పొట్టి ఎస్‌యూవీల జాతి ఒకటి మన దేశంలో వర్ధిల్లింది. వాటి ముఖం చూస్తే కొండ, వెనుకభాగం చూస్తే పన్ను రాయితీ. వీటినీ, ఏడుగురు కూర్చునే కుటుంబ వాహనాలనూ కలుపుకొని చూస్తే 2024-25లో దేశంలో అమ్ముడుపోయిన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాలలో 28 లక్షల దాకా ఈ తరగతివే, అనగా మూడింట రెండు వంతులకు దగ్గర. కవి చెప్పిన గుండెకోత ఎంతమందికి ఏ వైపు నుంచి తీరిందో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

రెండో పాదంలో 'బరువు తగ్గు' అన్నచోట 'పరువు తగ్గు' అని పాఠాంతరం ఉన్నది. ప, బ లకు యతిమైత్రి ఉన్నందున ఛందస్సు ఈ వివాదంలో తటస్థం. పరువు అన్న పాఠం సులభమే గాని, బరువు అన్నపుడు గౌరవమూ తూకమూ రెండూ స్ఫురించి శ్లేష సిద్ధిస్తున్నది కనుక, కష్టమైన పాఠమే మూలానికి దగ్గరదనే సంప్రదాయం ప్రకారం ఇక్కడ బరువునే గ్రహించడమైనది. ఈ శ్లేషలోని రెండు అర్థాలనూ వేరువేరుగా విచారించవలసి ఉన్నది.

గౌరవం అనే అర్థానికి మూలం జీపు. 1940ల చివర మహీంద్రా వారు విల్లీస్ జీపులను ఈ దేశంలో బిగించడం మొదలుపెట్టిన తరువాత దశాబ్దాల పాటు తెలుగు పల్లెలోకి జీపు వచ్చిందంటే తహసీల్దారో, బీడీవోనో, పోలీసులో, అటవీశాఖ వారో వచ్చారని జనానికి తెలుసు. ఎన్నికల రోజులలో మైకు కట్టుకొని వస్తే పార్టీ వచ్చిందని తెలుసు. జీపు శబ్దానికి పిల్లలు పరుగెత్తి వచ్చేవారు, పెద్దలు తుండుగుడ్డ సర్దుకొనేవారు. ఎత్తైన బండిలోంచి దిగేవాడు శిస్తు అడిగేవాడో సంతకం పెట్టేవాడో అయి ఉంటాడనే సంస్కారం అలా ఏర్పడింది. 1994లో టాటా సుమో వచ్చి ఆ సంస్కారానికి ఏడెనిమిది సీట్లు కలిపింది. సీమ కక్షల కథలతో సినిమాలు వరుసకట్టిన రోజులలో నాయకుడి వెంట ఎన్ని సుమోలు దుమ్ము రేపుకొంటూ వస్తే అంత ప్రతాపమనీ, చివరి రీలులో అవి గాలిలోకి లేచి పేలితే అంత న్యాయమనీ ప్రేక్షకులు అంగీకరించారు. 2002లో స్కార్పియో, 2009లో ఫార్చ్యూనర్ రంగంలోకి దిగిన తరువాత సుమో పక్కకు తప్పుకొన్నది గాని అర్థం మారలేదు. నేటికీ మండల స్థాయి నాయకుడు ముందు తెల్లని ఫార్చ్యూనర్ సంపాదించుకొని, తరువాత దానికి తగిన పదవి వెతుక్కోవడం చూస్తూనే ఉన్నాము. ప్రభుత్వ జీపులోని భయం ప్రైవేటు బండిలోకి బదిలీ అయిందనడమే ఈ గౌరవానికి సరైన నిర్వచనం.

ఇక తూకం అనే అర్థం. ఫార్చ్యూనర్ వంటి వాహనం ల్యాడర్ ఫ్రేమ్ మీద, అనగా రెండు పొడవాటి ఉక్కు దూలాలను అడ్డకమ్ములతో కలిపిన నిచ్చెన వంటి చట్రం మీద, పైభాగాన్ని బిగించి చేసినది. దాని బరువు రెండు టన్నులు దాటుతుంది. సాధారణమైన చిన్న కారు, చట్రమూ పైభాగమూ ఒకే పెంకుగా ఉండే మోనోకాక్ పద్ధతిలో తయారై, ఒక టన్నుకు అటూ ఇటూగా తూగుతుంది. రెండూ ఎదురెదురుగా ఢీకొన్నపుడు బరువైన బండి వేగంలో కలిగే మార్పు కంటే తేలికబండి వేగంలో మార్పు రెట్టింపు ఉంటుంది, లోపలి మనుషులకు తగిలే దెబ్బ ఆ మార్పును అనుసరించే ఉంటుంది. పెద్దబండిలో కూర్చుంటే క్షేమమని అమ్మేవారు చెప్పేది అబద్ధం కాదు. ఆ క్షేమంలో కొంత భాగం ఎదుటి మారుతి ఖాతాలోంచి తీసినదని చెప్పకపోవడమే లోపం. అట్లని బరువొక్కటే కవచమనుకోవడమూ పొరపాటు. 2016లో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోను, వాహనాల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు గోడకు కొట్టి చూసి సున్నా నక్షత్రాలు ఇచ్చారు. కొత్తగా రూపొందించిన స్కార్పియో-ఎన్‌కు 2022లో అదే సంస్థ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. రెండూ బరువైనవే.

నడిచిపోయేవాడి సంగతి పద్యంలో లేదు; కవి అతనిని మరచిపోవడం ఔచిత్యభంగమే. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2023లో వెలువరించిన పరిశోధన ప్రకారం, బానెట్ అంచు నలభై అంగుళాలకు మించి ఎత్తున్న వాహనాలు పాదచారిని కొట్టినపుడు, ముప్పై అంగుళాలలోపు ఎత్తుండి ముఖం వాలుగా ఉన్న వాహనాల కంటే, ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. చిన్న కారు కాళ్ళకు తగిలి మనిషిని బానెట్ మీదికి తెస్తుంది, పెద్దబండి ఛాతీకో తలకో తగిలి కిందికి తొక్కుతుంది. అదిగాక, ఎత్తైన బానెట్ ముందు నిలిచిన మూడేళ్ళ పిల్లవాడు సీటులోని వాడికి కనబడడు. దూరపు దారి బాగా కనిపించడం కోసమే ఎత్తు బండి కొన్నామనేవారు దగ్గరిది కనబడకపోవడాన్ని లెక్కలో వేసుకోరు. ఎత్తు పెరిగిన కొద్దీ గరిమనాభి, అనగా బరువంతా కేంద్రీకరించినట్లు భావించే బిందువు, పైకి జరిగి, మలుపులో గభాలున స్టీరింగు తిప్పినపుడు బోల్తాపడే గుణం ఎక్కువవుతుంది. అటువంటి వేళ చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి బండిని నిలదొక్కుకోనిచ్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉన్నదో లేదో చూసి కొనడం వివేకం.

పెద్దబండ్ల వల్లనే రోడ్లు పాడవుతున్నాయని మరొక ఆరోపణ వినవస్తున్నది. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయిలో లారీలను నెలల తరబడి తిప్పి చేసిన పరీక్షలలో, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు మీది బరువుకు దాదాపు నాలుగో ఘాతంగా పెరుగుతుందని తేలింది. ఆ లెక్కన రెండు టన్నుల బండి ఒక టన్ను కారు కంటే పదహారు రెట్లు రోడ్డును అరగదీస్తుంది. లెక్క నిజమే, కోపం మాత్రం అస్థానం. అదే సూత్రంతో నిండుగా లోడెత్తిన ఇసుక లారీని లెక్కిస్తే కార్ల మధ్య తేడా పట్టించుకోదగినది కాకుండాపోతుంది. మన గోతులకు మూలం అన్వేషించేవారు లారీనీ, మురుగుకాలువనూ, కాంట్రాక్టునూ ముందు విచారించవలె.

అట్లయిన పెద్దబండి నిష్ప్రయోజనమా? అని శంక. కాదు. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు ప్రాంతాల కొండదారులలో, వానకాలం వాగు దాటి గూడేనికి చేరవలసినవారికి నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఆడంబరం కాదు; అందులోని లో-రేంజ్ గేరు, అనగా వేగాన్ని బాగా తగ్గించి చక్రానికి లాగే బలాన్ని పెంచే ఏర్పాటు, బురదలో దిగబడిన బండిని తనంతట తానే పైకి తెచ్చుకొనేట్లు చేస్తుంది. భీమవరం, కైకలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద వాన పడ్డ మర్నాడు మేత బస్తాలు వేసుకొని తిరగవలసిన రైతుకు నేలకు ఎత్తుగా ఉండే బొలెరో పనిముట్టే. ముసలి తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఆమె ఊరగాయ జాడీలు కలిసి ప్రయాణించే కుటుంబానికి మూడో వరస సీట్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. మోకాళ్ళ నొప్పులవారికి మాత్రం మరీ ఎత్తైన బండి ఎక్కడమే ఒక యాత్ర. అయితే నేడు అమ్ముడుపోతున్న ఎస్‌యూవీలలో అధికభాగం రెండు చక్రాలకే శక్తి అందేవి. అవి కొండ ఎక్కే వేషం వేసుకొన్న ఊరి కార్లు.

వరదలో పెద్దబండి కాపాడుతుందనే నమ్మకాన్ని ఇక్కడే పరీక్షించడం మంచిది. మహీంద్రా థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలదని తయారీదారుల ప్రకటన. ఆ మాట నిలకడగా ఉన్న నీటిలో నెమ్మదిగా నడపడానికి సంబంధించినది. పారుతున్న నీరు రెండడుగులుంటే, అనగా సుమారు 600 మిల్లీమీటర్లకే, ఎస్‌యూవీలు సహా చాలా వాహనాలను తేల్చి పక్కకు తోసుకుపోగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నపుడు కార్లు చిన్నాపెద్దా భేదం లేకుండా మునిగాయి. జనాన్ని చేరగలిగినవి పడవలు, ట్రాక్టర్లు, జేసీబీలు.

మూడో పాదంలోని 'నిలువదన్న' అనే మాటలో పద్యానికి ప్రాణం ఉన్నది. మన అపార్ట్‌మెంట్ల సెల్లారులో ఒక కారుకు గీసే చోటు చాలావరకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఉంటుంది. ఫార్చ్యూనర్ పొడవు 4,795 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855. నట్టనడుమ నిలిపితే ఒక్కో వైపు మిగిలేది అడుగు పైచిలుకు, అందులోనే తలుపు మందం, మనిషి పొట్ట ఇముడవలె. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అనే పికప్, అనగా ముందు మనుషులకూ వెనుక తెరిచిన తొట్టిలో సరకుకూ చోటున్న ట్రక్కు, పొడవు 5,295 మిల్లీమీటర్లు. ఆంధ్రదేశంలో పుట్టిన ఈ బండి ఆంధ్రుల సెల్లారులోనే అడుగు బయటికి పొడుచుకొని ఉంటుంది. కోఠి, బేగంబజారు, విజయవాడ వన్‌టౌన్ వీధులలో ఈ జాతి బండి ఒకటి ఆగితే, ఎదురుగా వచ్చిన ఆటోవాడు పలికే మాటలు ఏ నిఘంటువుకూ ఎక్కవు. బండి కొన్నవాడు రోడ్డు పన్ను కట్టినాడు గాని రోడ్డును కొనలేదు. ఈ సూక్ష్మాన్ని మొదట గ్రహించినవాడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్. పారిస్ నగరం 2024 ఫిబ్రవరి 4న ఈ వివాదాన్ని ఏకంగా ఓటుకు పెట్టి, 1.6 టన్నులు మించిన కార్లలో బయటినుంచి వచ్చేవారికి పార్కింగు రుసుమును మూడింతలు, నగరమధ్యంలో గంటకు 18 యూరోలు చేయడానికి 54 శాతం పైగా ఆమోదం పొందింది. ఓటు వేసినవారు ఆరు శాతం లోపే. మిగిలినవారు పార్కింగు వెతుకుతూ ఉండిపోయినారేమో తెలియదు.

అలంకారాలు: పద్యంలో శ్లేష ముఖ్యం, బండిలో మాత్రం నాలుగు. మొదటిది అద్దాలకు నల్లని ఫిల్ము. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నిషేధించింది. రెండోది ముందు బిగించే బుల్ బార్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు తెలిపింది, అది ఢీకొన్నపుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికీ అడ్డుపడవచ్చు, పాదచారికి ఉక్కుదెబ్బ తగిలిస్తుంది. మూడోది నెత్తిమీది ఎర్రలైటు. 2017 మే 1 నుంచి మంత్రులకే లేదు. నాలుగోది ఫ్యాన్సీ నంబరు. నిషేధం లేనిది ఇదొక్కటే, పైగా ప్రభుత్వమే వేలం వేస్తుంది. 2024లో ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో టీజీ 09 వరుసలోని 9999 నంబరు పాతిక లక్షల రూపాయలు దాటి పలికింది. ఆ ధరకు మరొక బండి వస్తుంది గాని, దానికి మళ్ళీ నంబరు కావలసి వస్తుంది.

'ఒక చింత' అనడంలో 'ఒక' అన్నది కవి దయార్ద్రత. ఎనభై లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే ఏడు వేల రూపాయల పైమాట. చక్రాలు పెద్దవి కనుక టైర్లు ప్రియం. ధర పెరిగిన కొద్దీ బీమా, జీవితకాలపు పన్ను పెరుగుతాయి. వీటికంటే సూక్ష్మమైన చింత 2020 ఏప్రిల్ తరువాతి డీజిల్ బండ్లలోని డీపీఎఫ్, అనగా పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ. పట్టిన మసి కాలిపోవడానికి ఇంజను కొంతసేపు బాగా వేడెక్కి పరుగు తీయవలె. బడికీ కూరగాయల అంగడికీ మాత్రమే తిరిగే బండిలో ఆ అవకాశం లేక జల్లెడ పూడి, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి గృహస్థుడు ఆదివారం పూట ఏ పనీ లేకుండా అవుటర్ రింగురోడ్డు ఎక్కి వస్తాడు. ఎడ్లబండి కాలంలోనూ కట్టేసిన ఎడ్లకు కాళ్ళు సాగదీయించడం ఉన్నది కనుక ఇది సంప్రదాయ విరుద్ధం కాదు.

గుండెకోతకు మందు ఏ శాస్త్రంలోనూ లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవారు వీధి చివరనే బండిని చూసి మాట తీరు మార్చుకొనే సమాజంలో, కొనని వాడిది అసూయ అనడం సులభం, అన్యాయం కూడా.

సిద్ధాంతం ఇది. గట్టు, వాగు, కొండ, ఏడుగురు మనుషులు, వీటిలో రెండైనా రోజువారీ బతుకులో ఉన్నవారికి పెద్దబండి యుక్తం. ఏడాదికి రెండుసార్లు తిరుమలకో శ్రీశైలానికో వెళ్ళడం కోసమైతే ఆ రెండుసార్లూ ట్రావెల్స్ వారి ఇన్నోవా అద్దెకు తెచ్చుకోవడం, మిగిలిన రోజులలో చిన్న కారుతో కోఠికి వెళ్ళి రావడం మేలు. అప్పటికీ కొని తీరాలనే నిశ్చయమే ఉన్నవారు అడ్వాన్సు కట్టకముందు తమ గేటునూ, వీధి మలుపునూ, సెల్లారు స్తంభాల నడుమ దూరాన్నీ టేపు పెట్టి కొలుచుకోవలె. కంపెనీలు ప్రకటించే వెడల్పులో పక్క అద్దాలు సాధారణంగా చేరవు.